ముందు గీత – తరువాత గణితం

వైద్యవిద్యను అభిలషించి ఇంటర్మీడియట్‌లో చేరే విద్యార్థికి జీవశాస్త్రం సొంత ఇల్లు. రసాయనశాస్త్రం మేనమామ ఇల్లు. భౌతికశాస్త్రం మాత్రం అప్పిచ్చిన షావుకారు ఇల్లు. తప్పదు కనుక ఆ గుమ్మం ఎక్కుతాడు. వీలైనంత త్వరగా దిగి వద్దామని చూస్తాడు.

ఆ తొందరకు కారణం లేకపోలేదు. తెలుగు రాష్ట్రాలలో 2016 వరకు వైద్య కళాశాలల ప్రవేశానికి ఎంసెట్ ఆధారంగా ఉండేది. అందులో 160 ప్రశ్నలకు 40 భౌతికశాస్త్రానివి. తప్పు రాసినందుకు శిక్ష లేదు. 2017 నుండి ఆ స్థానాన్ని నీట్ ఆక్రమించింది. ఇందులో భౌతికశాస్త్రానికి 45 ప్రశ్నలు, 180 మార్కులు. సరైన సమాధానానికి నాలుగు మార్కులు వస్తాయి, తప్పు సమాధానానికి ఒక మార్కు పోతుంది. 2025లో జరిగిన పరీక్షలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చారు. ఆ ఏడాది భౌతికశాస్త్ర ప్రశ్నపత్రం కఠినంగా వచ్చిందన్న నిట్టూర్పు దేశమంతటా వినిపించింది. ప్రశ్నకు ఒక నిమిషం! ఇటువంటి పరీక్షకు సిద్ధపడే పిల్లవానితో "నాయనా, ముందు బొమ్మ గీయి" అంటే వాడు మన వంక జాలిగా చూస్తాడు. అయినా నేను ఆ మాటే చెప్పదలచుకున్నాను. ముఖ్యంగా కిరణ దృశాశాస్త్రం విషయంలో చెప్పదలచుకున్నాను.

రెండవ సంవత్సరపు పాఠాలలో ఈ అధ్యాయం చూడడానికి సాధువుగా కనిపిస్తుంది. దర్పణానికి ఒక సూత్రం, కటకానికి ఒక సూత్రం, పట్టకానికి ఒకటి, వక్రీభవనానికి స్నెల్ నియమం. వేళ్ల మీద లెక్కపెట్టదగిన ఈ సూత్రాలను కంఠస్థం చేసి, ఇచ్చిన సంఖ్యలను అందులో వేస్తే జవాబు రాలిపడుతుందని విద్యార్థి నమ్ముతాడు. ఆ నమ్మకమే అతనిని ముంచుతుంది.

ఒక లెక్క చూద్దాం. పుటాకార దర్పణం నాభ్యంతరం 15 సెం.మీ. దాని ముందు 10 సెం.మీ. దూరంలో వస్తువు ఉంది. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? నేను అధ్యాపకుడిగా ఉన్న రోజులలో ఒక తరగతిలో ఈ ప్రశ్న ఇస్తే సగానికి పైగా విద్యార్థులు "దర్పణానికి వెనుక 6 సెం.మీ." అన్నారు. వస్తుదూరానికి రుణ సంజ్ఞ పెట్టాలని వారికి గుర్తుంది. పుటాకార దర్పణపు నాభ్యంతరానికి కూడా రుణ సంజ్ఞ పెట్టాలన్నది మరచారు. పదిహేనవ వంతు, పదవ వంతు కలిసి ఆరవ వంతు అయింది. భిన్నాల కూడికలో దోషం లేదు. మరికొందరు రెండింటినీ ధనాత్మకంగా తీసుకొని, వచ్చిన రుణ సంజ్ఞను చూసి "దర్పణానికి ముందు 30 సెం.మీ." అన్నారు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు అమాయకులు కారు. ఇటువంటి లెక్కకు నాలుగు ఎంపికలు ఇవ్వవలసివస్తే వెనుక 6, ముందు 6, వెనుక 30, ముందు 30 అని వరుసగా పరుస్తారు. ఏ తప్పు దారిలో వెళ్లినవానికైనా ఆ దారి చివర ఒక జవాబు నవ్వుతూ ఎదురవుతుంది. జవాబు ఎంపికలలో కనబడింది కనుక తాను చేసింది సరైనదేనని విద్యార్థి సంతోషిస్తాడు.

ఇప్పుడు అదే లెక్కకు బొమ్మ గీద్దాం. ఒక వంపు గీత, ఒక ప్రధానాక్షం, నాభికీ దర్పణానికీ నడుమ నిలబెట్టిన ఒక చిన్న బాణం. బాణం కొన నుండి అక్షానికి సమాంతరంగా వెళ్లిన కిరణం పరావర్తనం చెంది నాభి గుండా వస్తుంది. వక్రతా కేంద్రం నుండి బయలుదేరినట్లుగా బాణం కొనను తాకుతూ వెళ్లిన కిరణం వచ్చిన దారినే తిరిగి వస్తుంది. ఈ రెండు కిరణాలూ దర్పణం ముందు ఒకదానికొకటి దూరమవుతాయే గాని కలుసుకోవు. వాటిని చుక్కల గీతలతో వెనుకకు పొడిగిస్తే దర్పణం వెనుక, వస్తువు కన్న ఎక్కువ దూరంలో, వస్తువు కన్న పెద్దదిగా, నిటారుగా ప్రతిబింబం దర్శనమిస్తుంది. ఇంకా ఒక్క అంకె రాయలేదు. అయినా "ముందు" అన్న రెండు జవాబులూ పోయాయి. పది కన్న చిన్నది కనుక 6 కూడా పోయింది. మిగిలింది ఒక్కటే: వెనుక 30 సెం.మీ. ఆవర్ధనం 3. దంతవైద్యుడు పంటికి దగ్గరగా పట్టే చిన్న అద్దం చేసే పని కూడా ఇదే.

సంజ్ఞల పట్టికను కంఠస్థం చేయించడంలో నా వంటి అధ్యాపకుల పాపం కూడా కొంత ఉంది. "వస్తుదూరం ఎప్పుడూ రుణాత్మకం, పుటాకార దర్పణం రుణాత్మకం, కుంభాకార కటకం ధనాత్మకం" అని నేనే కొన్నేళ్లు పిల్లల చేత వల్లె వేయించాను. సిలబస్ తరుముతుంటే అదే దగ్గర దారి అనిపించింది. నిజానికి కార్టీజియన్ సంజ్ఞా సంప్రదాయంలో వల్లె వేయదగినది ఏమీ లేదు. పొలం కొలిచేవాడు సరిహద్దు రాయి దగ్గర గొలుసు పెట్టి తూర్పుకు ఇన్ని గజాలు, పడమరకు ఇన్ని గజాలు అంటాడు. ఇక్కడ సరిహద్దు రాయి దర్పణ ధ్రువం, లేదా కటక కేంద్రం. పతన కాంతి పోయే దిక్కు ధనాత్మకం, ఎదురు దిక్కు రుణాత్మకం. బొమ్మలో కాంతి దిశను బాణం గుర్తుతో చూపినవానికి ఏ దూరానికి ఏ సంజ్ఞ అని అడగవలసిన అవసరమే రాదు. పైగా "వస్తుదూరం ఎప్పుడూ రుణాత్మకం" అన్నది ఒక చోట అబద్ధం కూడా. రెండు కటకాలున్న లెక్కలో మొదటి కటకం కలపబోయిన కిరణాలు కలిసేలోపునే రెండవ కటకం అడ్డం వస్తే, ఆ రెండవ కటకానికి వస్తువు వెనుకవైపున ఉంటుంది. అది మిథ్యా వస్తువు. దాని దూరం ధనాత్మకం. వల్లె వేసినవాడు ఇక్కడ బోల్తాపడతాడు. గీత గీసినవానికి అది మిథ్యా వస్తువన్న పేరు తెలియకపోయినా లెక్క తప్పదు.

దగ్గర దారుల సంగతి మరొకటి. వక్రీభవన గుణకం 1.5 గల గాజు కటకం నాభ్యంతరం గాలిలో 20 సెం.మీ. అయితే నీటిలో ఎంత? "నాలుగు రెట్లు, 80" అని పిల్లలు ప్రశ్న పూర్తికాకుండానే అంటారు. నిజమే. కాని ఎందుకు నాలుగు రెట్లు? గాలిలో కిరణాన్ని వంచే శక్తి 1.5కు, 1కి గల తేడాలో ఉంది, అది సగం. నీటిలో 1.5ను మూడింట నాలుగుతో భాగిస్తే ఎనిమిదింట తొమ్మిది. దానికీ 1కీ తేడా ఎనిమిదవ వంతు. సగం కాస్తా ఎనిమిదవ వంతు అయింది కనుక కటకం నాలుగింతలు మందగించింది. ఇది తెలియక "నీరంటే నాలుగు రెట్లు" అని గుర్తుపెట్టుకున్నవానికి గాజు గుణకం 1.6 అని మార్చి ఇస్తే మళ్లీ నాలుగు రెట్లే అంటాడు. అసలు జవాబు మూడు రెట్లు. కటకం కన్న ఎక్కువ గుణకం గల ద్రవంలో ముంచితే కుంభాకార కటకం కిరణాలను కలపడం మాని విడదీస్తుంది. ఉపరితలం దగ్గర లంబం గీసి, కిరణం దాని వైపు వంగుతుందా, దూరంగా వంగుతుందా అని చూసినవానికి ఇందులో వింతేమీ లేదు.

ఈ లెక్కను వైద్యుడు కాదలచినవాడు తేలికగా దాటిపోవడం నాకు కష్టం కలిగిస్తుంది. ఇది మన కంటి లెక్క. మానవ నేత్రం మొత్తం కటక సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా, అంటే దాదాపు 43 డయాప్టర్లు, లోపలి కటకానిది కాదు. ముందు భాగాన ఉన్న కార్నియాది. గాలి నుండి సుమారు 1.38 గుణకం గల కార్నియాలోకి దిగేటప్పుడే కాంతి ఎక్కువగా వంగుతుంది. కాలువలో మునిగి కళ్లు తెరిచిన పిల్లవానికి అంతా అలుక్కుపోయినట్లు కనిపించడానికి కారణం ఇదే. నీటి గుణకం 1.33. నీటికీ కార్నియాకూ తేడా నామమాత్రం. కార్నియా వంచవలసిన కాంతి వంగకుండానే లోపలికి పోతుంది. ఈతగాళ్ల అద్దాలు చేసేదల్లా కంటి ముందు కాసింత గాలిని తిరిగి నిలపడమే.

శుక్లాల శస్త్రచికిత్సలో కూడా ఈ లెక్కే ఉంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే నేత్రవైద్యుడు మసకబారిన సహజ కటకం స్థానంలో కృత్రిమ కటకాన్ని మొదటిసారిగా అమర్చాడు. నేడు మన పల్లెలలోని ముసలివారు సైతం ఆ కటకాన్ని కంటిలో ధరించి మనుమల ముఖాలు చూస్తున్నారు. కంటిలో సుమారు 20 డయాప్టర్లుగా పనిచేసే ఆ చిన్న కటకాన్ని గాలిలో పరీక్షిస్తే దాని సామర్థ్యం మూడు రెట్లకు పైగా ఉంటుంది. కంటిలో దాని చుట్టూ ఉన్నది ద్రవం. "గాజు కటకం నీటిలో" అన్న ప్రశ్నను నాలుగు మార్కుల కోసం చేసిన విద్యార్థికి, పదేళ్ల తరువాత తాను చేతిలోకి తీసుకోబోయే వస్తువు అదేనని చెప్పినవారెవరు?

కంటిపాప నల్లగా ఎందుకుంటుంది? ఇది ప్రవేశపరీక్షలో రాదు. కాని దీని వెనుక ఉన్న నియమం ప్రతి అభ్యాస పుస్తకంలోనూ ఉంది. కాంతి తన మార్గాన్ని తిప్పితే వచ్చిన దారినే పోతుంది. కంటిలోకి పోయిన వెలుగు రెటీనా మీద పడి, తిరిగి తన మూలం వైపే వస్తుంది. చూద్దామని మనం ఆ దారిలో తల పెడితే మన తలే దీపానికి అడ్డం. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఆయన మొదట సైన్యంలో వైద్యుడు, అప్పటికి కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. దీపాన్ని పక్కన పెట్టి, ఏటవాలుగా నిలిపిన గాజు పలకలతో వెలుగును రోగి కంటిలోకి మళ్లించాడు. ఆ పలకల గుండానే తిరిగి వచ్చే కిరణాల దారిలో తన కన్ను ఉంచాడు. బతికి ఉన్న మనిషి రెటీనాను స్పష్టంగా చూడడానికి వైద్యునికి సాధనం దొరికింది. విద్యార్థులకు పాఠం చెప్పడానికి సిద్ధపడుతూ ఆయన ఈ ఆలోచనకు వచ్చాడట. కాగితం మీద రెండు కిరణాల గీతలు వేసుకుంటే అందే ఆలోచన అది. దానికి ఆయన వాడిన గణితం మన ఇంటర్మీడియట్ పుస్తకపు గణితం కన్న ఎక్కువేమీ కాదు.

సంపూర్ణాంతర పరావర్తనం కూడా అంతే. పంజాబులోని మోగాలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ, లండన్‌లో హాప్‌కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట గుండా ప్రతిబింబాన్ని పంపవచ్చునని 1954లో ప్రకటించాడు. 1957 నాటికి అటువంటి పోగులతో జీర్ణాశయాన్ని పరీక్షించే గొట్టం తయారైంది. సందిగ్ధ కోణం లెక్క చేస్తున్న విద్యార్థి ఎండోస్కోపీ గొట్టం అంచున నిలబడి ఉన్నాడన్నమాట.

ఇక నా వాదానికి వచ్చే ఆక్షేపణ. "ఇదంతా వినడానికి బాగున్నది గాని, నిమిషానికొక ప్రశ్న చొప్పున చేయవలసినవానికి బొమ్మలు గీసే తీరిక ఎక్కడిది?" అని అడుగుతారు. ఆక్షేపణ న్యాయమైనదే. లెక్కలు విరివిగా చేయకుండా ఎవరూ ఈ పరీక్షలో నెగ్గలేరు. కాలిక్యులేటర్ లేని పరీక్ష ఇది. భిన్నాల విలోమాలు, కోణాల సైన్ విలువలు చేతికి అలవాటు కావాలంటే చేతితోనే చేయాలి. వందలకొద్దీ లెక్కలు చేయించే వసతి కళాశాలలను తిట్టిపోయడం సులభం. కాని అక్కడ ఉదయం నుండి రాత్రి దాకా కూర్చున్న పిల్లల శ్రమను నేను చిన్నచూపు చూడలేను. నా అభ్యంతరం లెక్కల సంఖ్య మీద కాదు, వాటి వరుస మీద. చూడకముందే చేయిస్తున్నారు. కిరణం ఎటు పోతుందో తెలియని స్థితిలో రెండు వందల లెక్కలు చేసినవాడు ఒకే తప్పును రెండు వందల సార్లు అభ్యాసం చేస్తాడు. అభ్యాసం ఒప్పును ఎంత గట్టిపరుస్తుందో తప్పునూ అంతే గట్టిపరుస్తుంది.

తీరిక సంగతి కూడా అంత భయపడవలసినది కాదు. మొదటి వారంలో ఒక్కొక్క బొమ్మకు అయిదు నిమిషాలు పడుతుంది. స్కేలు కావాలి, రబ్బరు కావాలి. పది రోజులు గడిచేసరికి స్కేలు అక్కరలేదు. నెలకు ప్రశ్నపత్రం అంచున మూడు గీతలు చాలు, పది సెకన్ల పని. ఆపైన చాలా ప్రశ్నలకు ఆ మూడు గీతలు కూడా మనసులోనే పడతాయి. పది సెకన్లు ఖర్చుపెట్టి తప్పు ఎంపికలలో రెండింటిని తుడిచిపెట్టడం లాభసాటి బేరమే. పట్టకం లెక్కలలో ఈ లాభం ఇంకా స్పష్టం. కనిష్ఠ విచలనం దగ్గర కిరణం పట్టకంలో రెండు ముఖాలకూ సమానంగా నడుస్తుందన్న బొమ్మ కళ్ల ముందుంటే, వక్రీభవన కోణం పట్టక కోణంలో సగమన్నది జ్ఞాపకం ఉంచుకోవలసిన పని లేదు.

అన్నిటికన్న నాకు విచారం కలిగించేది ప్రయోగశాల తలుపుకు వేలాడే తాళం. ఆప్టికల్ బెంచి మీద కటకాన్ని నిలిపి, ఇటు ఒక గుండుసూది, అటు ఒక గుండుసూది పెట్టి, తల అటూ ఇటూ కదిపినా ప్రతిబింబమూ సూదీ విడిపోకుండా సరిచేసిన విద్యార్థికి నిజ ప్రతిబింబమంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కరలేదు. అది గాలిలో, ఏ తెరా లేకుండా, తలకిందులుగా నిలబడి ఉంటుంది. వేలు పెడితే అందేటట్లుంటుంది. ఈ ప్రయోగం రికార్డు పుస్తకంలో పాత రికార్డు చూసి ఎక్కించుకొనేది కాదు. పట్టకం గుండా సూదులను చూస్తూ పతన కోణం పెంచుతూ పోతే విచలనం తగ్గి, ఒకచోట ఆగి, మళ్లీ పెరుగుతుంది. ఆ ఆగడాన్ని కంటితో చూసినవాడు మరచిపోడు. ఈ రెండు పూటల పని పరీక్షకు ముందు వృథా కాలమని లెక్కకట్టడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. దృష్టి దోషాల లెక్కలు చేయిస్తున్న రోజు అది. "ఒక వ్యక్తి 50 సెం.మీ. దాటిన వస్తువులను స్పష్టంగా చూడలేడు. అతనికి ఏ కటకం కావాలి?" అన్నది ప్రశ్న. ముందు వరుసలోని ఒక అమ్మాయి అందరికన్న ముందుగా "మైనస్ రెండు డయాప్టర్లు సార్" అన్నది. అనంత దూరంలోని వస్తువుకు ప్రతిబింబం 50 సెం.మీ. దగ్గర ఏర్పడాలి, కనుక నాభ్యంతరం రుణ 50 సెం.మీ. అని నోటుపుస్తకంలో చక్కగా రాసింది. ఆ అమ్మాయి కళ్లద్దాలు పెట్టుకొని ఉన్నది. "మీ అద్దాల నంబరు ఎంతమ్మా?" అని అడిగాను. "మైనస్ టూ సార్" అన్నది. అని, ఆగిపోయింది. ఏడవ తరగతి నుండి ఆ అద్దాలు ఆమె ముక్కు మీద ఉన్నాయి. ఆ లెక్కను అంతకు ముందు ఎన్నిసార్లు చేసిందో తెలియదు. రెండింటికీ సంబంధం ఉన్నదని ఆమెకు ఆ క్షణం దాకా తోచలేదు.

అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పాఠ్యపుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకొని మెల్లగా దూరం జరుపుకుంటూ పోయింది. "ఇక్కడిదాకా అక్షరాలు బాగున్నాయి సార్... ఇక్కడ మసక మొదలైంది" అన్నది. పక్కనున్న పిల్ల స్కేలు తీసి కొలవబోయింది. అది ముప్పయి సెంటీమీటర్ల స్కేలు, చాలలేదు. మరొకరి స్కేలును చివర జోడించి కొలిచారు. ఒక సెంటీమీటరు అటూ ఇటూగా యాభై. వెనుక వరుసలోని అబ్బాయి తన అద్దాలు కూడా తీశాడు. అతనివి మైనస్ నాలుగు. తన పుస్తకం ఎంత దూరంలో మసకబారాలో ముందు బల్ల మీద రాసుకొని, ఆ తరువాతనే స్కేలు ఇమ్మని చేయి చాచాడు.